లెక్క పుస్తకం ఎవరి చేతిలో? సావుకారు చిట్టా నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వరకు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• నిజాం కాలం నుంచి తెలంగాణ గ్రామాల్లో పన్ను, అప్పు లెక్కలు ఎవరు రాసేవారో, ఆ రాతకు అంత బలం ఎందుకు వచ్చిందో వివరించగలుగుతారు.
• జంట పద్దు విధానం ఏ తప్పును పట్టుకుంటుందో, దేన్ని పట్టుకోలేదో చెప్పగలుగుతారు.
• సహకార సంఘాలు, పొదుపు సంఘాలు లెక్క రాసే పద్ధతిలో తెచ్చిన మార్పును గుర్తించగలుగుతారు.
• అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ సాయంతో ఇంటి లెక్కనూ, చిన్న వ్యాపారం లెక్కనూ వేరుచేసి చూడగలుగుతారు.

9.1 పరిచయం

మీరు ఎరువుల దుకాణానికి వెళ్లి నాలుగు బస్తాలు ఉద్దెరకు తెచ్చుకున్నారనుకోండి. దుకాణదారు తన పుస్తకంలో మీ పేరు కింద ఒక పద్దు రాస్తాడు. పంట అమ్ముడుపోయాక మీరు డబ్బు కట్టడానికి వెళతారు. ఆయన పుస్తకం తెరిచి, వడ్డీ కలిపి, ఒక మొత్తం చెబుతాడు. ఆ మొత్తం సరైనదో కాదో తేల్చుకోవడానికి మీ దగ్గర ఏముంది? చాలామంది దగ్గర జ్ఞాపకం తప్ప మరేమీ ఉండదు. జ్ఞాపకానికీ, కాగితానికీ తగాదా వస్తే గెలిచేది కాగితమే.

ఈ యూనిట్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ గురించినది. అయితే ఏ మీట నొక్కితే ఏమి వస్తుందో నేర్పడంతో దీన్ని మొదలుపెట్టడం లేదు. లెక్క రాయడం మన ప్రాంతంలో ఎవరి పనిగా ఉండేది, ఆ పుస్తకం ఎవరెవరి చేతులు మారి ఈనాడు మీ ఫోనులోకి వచ్చింది అన్నదే ఇక్కడ ముఖ్యం. ఇందుకు నర్సింహులపేట పరిసరాలను ఉదాహరణగా తీసుకుందాం. నర్సింహులపేట ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు అది వరంగల్ జిల్లాలో ఉండేది. వరి, పత్తి, మిరప పండే ఈ నేలలో పెట్టుబడికి అప్పు, పంట చేతికొచ్చాక తీరుబడి అన్నది ఏటేటా తిరిగే చక్రం. ఆ చక్రానికి ఇరుసు లెక్క పుస్తకం.

9.2 నిజాం పాలనలో గ్రామ లెక్కలు

హైదరాబాద్ సంస్థానంలో 19వ శతాబ్ది తొలి సగంలో శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవారు. గుత్తదారు ప్రభుత్వానికి ఒప్పుకున్న మొత్తం కట్టి, రైతుల దగ్గర రాబట్టుకోగలిగినంత రాబట్టుకునేవాడు. 1853లో దివాన్ పదవి చేపట్టిన మొదటి సాలార్ జంగ్ ఈ పద్ధతిని తగ్గించుకుంటూ వచ్చాడు. 1865లో జిలాబందీ అమలుచేసి, సంస్థానాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా ఏర్పాటు చేశాడు. తరువాత భూముల సర్వే, సెటిల్‌మెంట్ జరిగాయి. ఇక ఏ రైతు పేరున ఎంత భూమి ఉంది, ఎంత శిస్తు కట్టాలి, ఎంత కట్టాడు, ఎంత బాకీ అనేవన్నీ రికార్డుకెక్కాయి.

పాలనను క్రమబద్ధం చేయాలన్న ఉద్దేశంతో చేసిన పనే ఇది. కాని గ్రామంలో ఆ రికార్డు రాసే కలం వంశపారంపర్యంగా వచ్చే పట్వారీ చేతిలో ఉండేది. శిస్తు వసూలు మాలీ పటేలుది, శాంతిభద్రతలు పోలీసు పటేలువి. పై స్థాయి రెవెన్యూ కార్యాలయాల భాష 1880ల దాకా ఫారసీ, తరువాత ఉర్దూ. తెలుగు మాట్లాడే రైతుకు ఆ కాగితంలో తన పేరు ఎక్కడుందో కూడా తెలిసేది కాదు. సర్వే జరిగిన కాలంలో దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు, గ్రామాధికారులు రైతులు సాగు చేసుకుంటున్న భూములను కూడా తమ పేర్ల మీద నమోదు చేయించుకున్నారు. సాగు ఒకరిది, రాతలో పేరు మరొకరిది. ఈ తేడా తరువాతి కాలంలో పెద్ద పోరాటానికి దారితీసింది.

ఆ కాలపు పరిపాలన మన లెక్కల భాషలో మిగిలిపోయిన తీరును గమనించండి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, నకలు, జమాబందీ అన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి దస్తరాల ద్వారా వచ్చిన మాటలే. మీరు బి.కాం. పుస్తకాల్లో చదివే ‘ఆవర్జా’ కూడా అలాంటిదే. ‘పద్దు’ వంటి మాటలు వాటితో కలిసిపోయాయి. లెక్క రాసేవారి భాష ఏదో ఈ మాటలే చెబుతున్నాయి.

లెక్క కష్టం కావడానికి నాణెం కూడా ఒక కారణం. సంస్థానానికి తన సొంత రూపాయి ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరింటికి హాలీ సిక్కా ఏడు. అంటే వంద బ్రిటిష్ రూపాయలు కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీలో చెల్లించాలి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. సంవత్సరం ఫసలీలో. దానికి 590 కలిపితే సుమారుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఇన్ని మార్పిడులు నోటి లెక్కన చేయగలిగినవాడికి, చేయలేనివాడికి మధ్య జరిగే బేరంలో ఎవరికి లాభమో మీరే ఊహించవచ్చు.

9.3 సావుకారు చిట్టా, నాగు వడ్డీ

శిస్తు లెక్క పట్వారీ దగ్గర ఉంటే, అప్పు లెక్క సావుకారు దగ్గరా, దొర గడీలోనూ ఉండేది. విత్తనాలకు, తిండిగింజలకు అప్పు ధాన్యంగానే ఇచ్చేవారు. దీన్ని నాగు అనేవారు. పంట రాగానే తీసుకున్నదానికి సగం కలిపో, కొన్నిచోట్ల రెట్టింపో కొలిచివ్వాలి. డబ్బు రూపంలో అప్పయితే ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర పడేది. ఆ వేలిముద్ర పెట్టిన మనిషికి, పైన రాసిన అంకె చదవడం రాదు. అప్పు తీరకపోతే భూమి పోయేది, లేదా వెట్టి పెరిగేది. తండ్రి బాకీ కొడుకు తలకెక్కేది.

1929–30లో ప్రభుత్వం తరఫున ఎస్. కేశవ అయ్యంగార్ సంస్థానంలోని గ్రామాల ఆర్థిక పరిస్థితులపై విచారణ జరిపాడు. 1937లో ఎస్.ఎం. భరూచా వ్యవసాయ రుణభారంపై నివేదిక ఇచ్చాడు. ఇలాంటి విచారణల తరువాత 1349 ఫసలీలో, అంటే 1939–40లో, హైదరాబాద్ వడ్డీ వ్యాపారుల చట్టం వచ్చింది. వడ్డీ వ్యాపారికి లైసెన్సు ఉండాలనీ, లెక్కలు సరిగా నిర్వహించాలనీ నిబంధనలు పెట్టిన చట్టమిది. అంతకు ముందే 1930లో పంజాబ్ లెక్కల క్రమబద్ధీకరణ చట్టం చేసింది. వడ్డీ వ్యాపారి బాకీదారుకు ఎప్పటికప్పుడు లెక్క ప్రతి ఇవ్వాలన్నది అందులోని ప్రధాన నియమం. అప్పు పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండడం ప్రమాదమన్న సంగతిని చట్టాలు అప్పటికే గుర్తించాయన్నమాట. అయితే నర్సింహులపేట వంటి పల్లెలో ఆ ప్రతిని అడిగే ధైర్యం, చదివే చదువు ఎంతమందికి ఉండేవి?

సాక్ష్య చట్టం కూడా ఇదే అనుమానాన్ని చూపింది. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 34వ సెక్షన్ ప్రకారం, వ్యాపార క్రమంలో రాసుకుంటూ వచ్చిన ఖాతా పుస్తకాల్లోని పద్దులను కోర్టు పరిశీలించవచ్చు. కాని ఆ పద్దు ఒక్కటే ఆధారంగా ఎవరినీ బాకీదారుగా తేల్చడానికి వీల్లేదు. నీ పుస్తకంలో నువ్వు రాసుకున్నది నీకు నువ్వే సాక్ష్యం కాదని దీని అర్థం. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి. యూనిట్ చివరలో మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

9.4 కాగితాలు కాలిన రోజులు

నర్సింహులపేటకు పడమట, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విస్నూరు దేశ్‌ముఖ్ పెత్తనం నడిచేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వలేదు. ఆంధ్ర మహాసభ కార్యకర్తల అండతో ధాన్యాన్ని ఇంటికి చేర్చుకుంది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుగా వెళుతున్న జనంపై దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమురయ్య చనిపోయాడు. అక్కడి నుంచి పోరాటం 1951 అక్టోబర్‌లో విరమణ జరిగేదాకా సాగింది.

ఆ పోరాటంలో జనం గడీల మీద పడినప్పుడు ధాన్యం పంచుకోవడంతో ఆగలేదు. అనేక గ్రామాల్లో అప్పు పత్రాలను, పటేలు పట్వారీల రికార్డులను బయటికి తెచ్చి తగలబెట్టారు. దీన్ని మీరు కేవలం కోపంగా చూడకండి. చదవడం రాని మనిషికి ఆ కాగితం తన భూమినీ, తన పిల్లల వెట్టినీ కట్టిపడేసిన తాడు. అందులోని తప్పును దిద్దించే దారి అతనికి లేదు. దిద్దలేని లెక్కను కాల్చడమే మిగిలింది.

అయితే చరిత్ర విద్యార్థిగా మీరు మరో ప్రశ్న కూడా వేసుకోవాలి. కాగితాలు కాలిన మర్నాడు ఆ ఊళ్లో ఏ లెక్క మిగిలింది? పాత లెక్క పోయింది. రైతు సొంత లెక్క మాత్రం పుట్టలేదు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం, 1954–55లో ఖాస్రా పహాణీ వచ్చాయి. మళ్లీ రాసింది పట్వారీయే. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయాపైసల లెక్క వచ్చింది. 1959 నాటికి హాలీ సిక్కా చెలామణీ ముగిసింది. లెక్క సులువయింది కాని పుస్తకం చేతులు మారలేదు. వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ 1984లో రద్దయ్యేదాకా గ్రామ రికార్డు ఆ ఇళ్లలోనే ఉండిపోయింది.

*మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1: సాగు చేసే రైతుకూ రికార్డులోని పేరుకూ తేడా ఎలా వచ్చింది? నాలుగు వాక్యాల్లో రాయండి.*

9.5 జంట పద్దు ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

ఇక్కడ కాసేపు ఆగి లెక్క రాసే పద్ధతి గురించి తెలుసుకుందాం. ప్రతి వ్యవహారాన్నీ రెండు ఖాతాల్లో, ఒకచోట డెబిట్‌గా మరోచోట క్రెడిట్‌గా రాయడాన్ని జంట పద్దు విధానం అంటాం. ఇటలీ వర్తకులు అప్పటికే వాడుతున్న ఈ పద్ధతిని లూకా పాసియోలీ అనే గణిత పండితుడు 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు. ఆయన దీన్ని కనిపెట్టలేదు, క్రమంగా రాసిపెట్టాడు. ముందు చిట్టాలో తేదీ వారీగా రాయడం, తరువాత ఆవర్జాలో ఖాతాల వారీగా ఎత్తిరాయడం, చివరకు అంకణా తీసి డెబిట్ల మొత్తం, క్రెడిట్ల మొత్తం సమానమయ్యాయో లేదో చూడడం. ఈనాటి సాఫ్ట్‌వేర్లన్నీ లోపల చేసేది ఇదే.

అంకణా సరిపోతే కూడికల తప్పు లేదని, ఒక వైపు మరిచిపోలేదని తెలుస్తుంది. కాని లెక్క నిజమని తెలియదు. ఒక ఉదాహరణ చూడండి. ఒక రైతు 18,000 రూపాయల ఎరువులు ఉద్దెరకు తీసుకున్నాడు. వడ్డీ వందకు నెలకు రెండు రూపాయలు. మూడు నెలలు గడిచాక 8,000 అసలు కింద కట్టాడు. ఆరు నెలలకు లెక్క తేల్చుకోవడానికి వెళ్లాడు.

కట్టిన రోజునే జమ రాసివుంటే, మొదటి మూడు నెలలకు 18,000 మీద వడ్డీ 1,080. తరువాతి మూడు నెలలకు మిగిలిన 10,000 మీద 600. బాకీ 10,000కు ఈ 1,680 కలిపితే 11,680. జమను ఆరో నెలలో లెక్క చూసేటప్పుడు రాస్తే, మొత్తం 18,000 మీద ఆరు నెలల వడ్డీ 2,160 పడుతుంది. అందులో నుంచి 8,000 తీసేస్తే బాకీ 12,160. తేడా 480 రూపాయలు. రెండు పుస్తకాల్లోనూ అంకణా చక్కగా సరిపోతుంది. తప్పు కూడికలో లేదు, తేదీలో ఉంది. ఆ తేదీని పట్టుకోగలిగేది రైతు చేతిలోని రసీదు ఒక్కటే.

1997–98లో వరంగల్ జిల్లాలో పత్తి దెబ్బతిని రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడింది. విత్తనాలు, పురుగుమందులు అమ్మే వ్యాపారే చాలాచోట్ల అప్పు ఇచ్చేవాడు, సలహా చెప్పేవాడు, పంట కొనేవాడు కూడా. ఆ అన్ని లెక్కలూ ఒకే చేతిలో ఉండేవి. పాత నాగు పోయింది కాని దాని నీడ పోలేదు.

9.6 అందరి ముందు తెరిచిన పుస్తకం

పుస్తకాన్ని ఒకరి ఇంటి నుంచి సభ్యుల మధ్యకు తెచ్చిన ప్రయత్నాలు కూడా ఈ ప్రాంతంలోనే జరిగాయి. 1956లో అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో సహకార గ్రామీణ బ్యాంకు మొదలయింది. అప్పు, ఎరువులు, పంట అమ్మకం ఒకే సంఘం చూడడం దాని పద్ధతి. బయటికి ఇది పైన చెప్పిన ఎరువుల వ్యాపారి పద్ధతిలాగే కనిపిస్తుంది. తేడా ఒక్కటే. ఈ లెక్కను ఏటా సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి, ఆడిట్ చేయించాలి. ప్రశ్నించే హక్కు బాకీదారుకు ఉంది, ఎందుకంటే అతనే సభ్యుడు.

మహిళల పొదుపు సంఘాలు ఈ మార్పును ప్రతి వాడకూ చేర్చాయి. నాబార్డ్ 1992లో స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమం మొదలుపెట్టింది. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా ఈ సంఘాలు గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా కలిశాయి. సంఘాలు పాటించాల్సిన అయిదు సూత్రాలను పంచసూత్రాలు అంటారు: క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, సంఘంలో అప్పులివ్వడం, క్రమంగా తిరిగి కట్టడం, క్రమంగా పుస్తకాలు రాయడం. అయిదో సూత్రాన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు. కాని మిగిలిన నాలుగూ నిలబడేది దాని మీదే. సంఘంలో పదిమందికి పైగా సభ్యులుంటారు. అందరికీ చదువు రాకపోవచ్చు. పుస్తకం రాసే అమ్మాయి ప్రతి పద్దును గట్టిగా చదువుతుంది. ఎవరి పొదుపు ఎంత, ఎవరి కిస్తీ ఎంత అన్నది పదిమంది చెవిన పడుతుంది. అక్షరం రానివారి జ్ఞాపకం కూడా అక్కడ సాక్ష్యమవుతుంది. వేలిముద్ర వేసినా, విన్న తరువాతే వేస్తారు.

ఈ బలం లేనిచోట ఏమి జరుగుతుందో 2010లో చూశాం. కొన్ని సూక్ష్మరుణ సంస్థలు ఒకే ఇంటికి ఒకదాని మీద ఒకటి అప్పులిచ్చి వారం వారం వసూళ్లు చేశాయి. కుటుంబం మొత్తం బాకీ ఎంతో ఆ ఇంటి ఇల్లాలికే తెలియని స్థితి వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వడ్డీ అసలును మించరాదనీ, వడ్డీ రేటు అందరికీ కనబడేలా ప్రదర్శించాలనీ, వారం వారం కాక నెలవారీగానే వసూలు చేయాలనీ నియమాలు పెట్టింది. 2011లో ఏర్పడిన స్త్రీనిధి సహకార సంస్థ మొబైల్ ఫోను ద్వారా దరఖాస్తు తీసుకుని 48 గంటల్లో అప్పు అందించే పద్ధతి ప్రవేశపెట్టింది. సంఘం లెక్క కంప్యూటర్‌లోకి వెళ్లడం మన పల్లెల్లో ఇలా మొదలయింది.

9.7 కంప్యూటర్ లెక్క వచ్చిన దారి

వ్యాపారుల వైపు కథ వేరుగా నడిచింది. దక్షిణాది మిల్లులకు ముడిసరుకు, యంత్ర భాగాలు సరఫరా చేసే శ్యామ్ సుందర్ గోయెంకా తన లెక్కలకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ దొరకక, కొడుకు భరత్ గోయెంకాను తయారు చేయమన్నాడు. 1986లో బెంగళూరులో అలా మొదలైన కంపెనీ 1999లో ట్యాలీ సొల్యూషన్స్ అనే పేరు తీసుకుంది. అంకెల సంకేతాలు గుర్తుపెట్టుకోకుండా, ఖాతాలను వాటి పేర్లతోనే రాసుకునే వీలు ఇవ్వడం వల్ల మన గుమాస్తాలకు అది చేతికి అలవాటైన చిట్టాలాగే అనిపించింది. 2006లో వచ్చిన ట్యాలీ 9తో తెలుగు సహా భారతీయ భాషల్లో లెక్క రాసే సౌకర్యం ఏర్పడింది.

పల్లె వ్యాపారిని కంప్యూటర్ వైపు నెట్టింది మాత్రం పన్నులు. 2005 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో వ్యాట్, 2017 జులై 1న జీఎస్టీ అమలులోకి వచ్చాయి. జీఎస్టీలో ఒక విశేషం ఉంది. కొన్న వ్యాపారి తాను కట్టిన పన్నుకు మినహాయింపు పొందాలంటే, అమ్మిన వ్యాపారి ఆ బిల్లును తన రిటర్నులో చూపాలి. 2022 నుంచి ఈ నియమం మరింత గట్టిపడింది. అంటే ఇద్దరి పుస్తకాలూ మూడోచోట, ప్రభుత్వ కంప్యూటర్‌లో, ఎదురెదురుగా నిలబడతాయి. రెండు వైపులా రాసిన లెక్కే లెక్క అన్న సూత్రం చివరకు ఒక వ్యవస్థగా మారింది.

కాని ఇది వ్యాపారికీ వ్యాపారికీ మధ్య జరిగే సరిచూత. దుకాణదారు రైతుకు ఇచ్చిన ఉద్దెర, దానిమీది వడ్డీ, రైతు కట్టిన తేదీ ఏ కంప్యూటర్‌లోనూ ఎదురెదురుగా నిలబడవు. ప్రభుత్వానికి రావలసిన పన్నుకు ఉన్న రక్షణ రైతు కట్టిన 8,000కు లేదు. ఆ రక్షణను మీరే ఏర్పాటు చేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ అందుకు ఉపయోగపడే పనిముట్టు.

9.8 ఒక నెల లెక్క

నర్సింహులపేటలో ఇంటి దగ్గర బట్టలు కుట్టే ఒక మహిళను ఊహించుకోండి. సంఘం ద్వారా అప్పు తీసుకుని మిషన్ కొన్నది. ఒక నెలలో కుట్టుకూలి 14,000 వచ్చింది. దారం, లైనింగు, గుండీలకు 3,500. కరెంటు 500. అప్పు కిస్తీ 2,500 కట్టింది, అందులో వడ్డీ 500, అసలు 2,000. ఇంటి ఖర్చుకు గల్లాలో నుంచి 6,000 తీసింది. నెలాఖరుకు గల్లాలో మిగిలింది 1,500. ‘ఇంత కష్టపడితే పదిహేను వందలేనా!’ అని ఆమె అనుకుంటే తప్పులేదు. కాని ఆ అంకె లాభం కాదు.

ఇదే లెక్కను ఖాతాల వారీగా రాస్తే ఇలా ఉంటుంది. రాబడి 14,000లో నుంచి వ్యాపార ఖర్చులు 3,500, 500, వడ్డీ 500 తీసేస్తే లాభం 9,500 (మిషను తరుగుదలను ఇక్కడ లెక్కించలేదు). అందులో 6,000 సొంతవాడకాలు. 2,000తో అప్పు తగ్గింది, అది ఖర్చు కాదు. మిగిలిన 1,500 నగదు నిల్వ. లాభం వేరు, నగదు వేరు అన్న ఈ ఒక్క విషయం తెలిస్తే ఆమె తన పనిని మానుకోవాలా, పెంచుకోవాలా అన్నది సరిగ్గా నిర్ణయించుకోగలుగుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఇందుకు నగదు, బ్యాంకు, అప్పు, కుట్టుకూలి, సరుకు, కరెంటు, వడ్డీ, సొంతవాడకాలు అనే ఎనిమిది ఖాతాలు తెరిస్తే చాలు. ఫోన్‌పే, గూగుల్ పే ద్వారా వచ్చిన డబ్బును బ్యాంకు ఖాతాలో, చేతికొచ్చినదాన్ని నగదు ఖాతాలో రాయాలి. ట్యాలీ కొనలేనివారు 1998 నుంచి ఉచితంగా దొరుకుతున్న గ్నూక్యాష్ వాడవచ్చు. అది ఇంటి లెక్కకూ, చిన్న వ్యాపారానికీ జంట పద్దు పద్ధతిలోనే పనిచేస్తుంది. ఉద్దెర లెక్క మాత్రమే కావాలనుకునే దుకాణదారులు ఖాతాబుక్ వంటి ఫోను యాప్‌లు వాడుతున్నారు. పద్దు రాయగానే బాకీదారుకు సందేశం వెళుతుంది. పంజాబ్ 1930లో చట్టం చేసి రాబట్టాలనుకున్న లెక్క ప్రతి అదే.

*మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2: పై ఉదాహరణలో కిస్తీ మొత్తం 2,500నూ ఖర్చుగా రాస్తే లాభం ఎంత చూపుతుంది? అది ఎందుకు తప్పు?*

9.9 తాళం ఎవరి దగ్గర?

సాఫ్ట్‌వేర్ కూడా పుస్తకమే. పాత పుస్తకానికి ఉన్న ప్రమాదాలు దానికీ ఉన్నాయి. సిరాతో రాసినదాన్ని కొట్టేస్తే మచ్చ మిగిలేది. కంప్యూటర్‌లో మార్చినదానికి మచ్చ కనిపించదు. అందుకే కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్దును ఎప్పుడు మార్చారో నమోదయ్యే ఏర్పాటు ఉండితీరాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నియమం వచ్చింది. చిన్న వ్యాపారికి ఈ నియమం వర్తించకపోయినా, అలాంటి ఏర్పాటు ఉన్న సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోవడం మంచిది.

2000 నాటి సమాచార సాంకేతిక చట్టం సాక్ష్య చట్టం 34వ సెక్షన్‌లో కంప్యూటర్ ఖాతాలను కూడా చేర్చింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ సూత్రం కొనసాగుతోంది. కంప్యూటర్‌లో ఉన్నంత మాత్రాన ఒకరి పద్దు మరొకరి బాకీకి రుజువు కాదు. దుకాణదారు తెరమీద అంకె చూపించినప్పుడు 1872 నాటి ఈ మాటను గుర్తుచేసుకోండి. ఆ అంకెను మీ లెక్కతో పోల్చిచూసే హక్కు మీకుంది. అయితే పోల్చడానికి మీ దగ్గర కూడా ఒక లెక్క ఉండాలి.

అందువల్ల మూడు అలవాట్లు చేసుకోండి. డబ్బు చేతులు మారిన రోజునే పద్దు రాయండి. ఎరువుల బిల్లు, మార్కెట్‌లో అడ్తిదారు ఇచ్చే తక్‌పట్టీ, కిస్తీ రసీదు ఫొటో తీసి దాచండి. నెలకోసారి లెక్క నకలును మరోచోట భద్రపరచండి. ఫోను పోతే లెక్క పోకూడదు. పాస్‌వర్డ్ మీకు తెలియకుండా మీ లెక్కను మరొకరు నడుపుతుంటే, అది పట్వారీ ఇంట్లోని దస్తరం కంటే భిన్నమేమీ కాదు.

9.10 సారాంశం

నిజాం పాలనలో శిస్తు లెక్క పట్వారీ చేతిలో, అప్పు లెక్క సావుకారు, దొరల చేతిలో ఉండేవి. చదవలేని లెక్కకు బందీ అయిన జనం సాయుధ పోరాట కాలంలో ఆ కాగితాలను కాల్చారు. కాని కాల్చడంతో వారికి సొంత లెక్క రాలేదు. అది సహకార సంఘాల్లో, పొదుపు సంఘాల్లో, పదిమంది ముందు చదివే పుస్తకంగా మెల్లగా రూపుదిద్దుకుంది. జంట పద్దు విధానం కూడికల తప్పును పట్టిస్తుంది, అబద్ధాన్ని పట్టించదు. దాన్ని పట్టించేది రెండో పుస్తకం. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ రెండో పుస్తకాన్ని తక్కువ ఖర్చుతో మీ చేతికి అందిస్తోంది. రాయాల్సింది మీరే.

9.11 కీలక పదాలు

ఉద్దెర: తరువాత చెల్లించే ఒప్పందంపై సరుకు తీసుకోవడం.
నాగు: పంట వచ్చాక వడ్డీతో కొలిచివ్వాల్సిన ధాన్యపు అప్పు.
అంకణా: అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వలను సరిచూసే పట్టిక.
సొంతవాడకాలు: యజమాని ఇంటి అవసరాలకు వ్యాపారం నుంచి తీసుకున్న మొత్తం.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. తెలంగాణ సాయుధ పోరాటంలో అప్పు పత్రాలను, గ్రామ రికార్డులను తగలబెట్టడానికి గల చారిత్రక కారణాలను చర్చించండి.
2. ‘అంకణా సరిపోయినంత మాత్రాన లెక్క నిజం కాదు.’ ఉదాహరణతో వివరించండి.
3. పొదుపు సంఘం పుస్తకానికీ, సావుకారు చిట్టాకూ గల తేడాలను రాయండి.
4. అభ్యాసం: మీ ఇంట్లో లేదా ఇరుగుపొరుగున ఉన్న పాత లెక్క పుస్తకం, పాస్‌పుస్తకం, తక్‌పట్టీ ఏదైనా ఒకటి సంపాదించండి. అందులోని పద్దులు ఎవరు రాశారో, ఏ మాటలు వాడారో పరిశీలించి, ఒక నెల పద్దులను సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి చూడండి. యజమాని అనుమతి లేకుండా పేర్లు రాయవద్దు.